మూడా, నాలుగా: ఎఫెసస్ కంచు నాణేల ప్రాజెక్టు డైరీ

మార్చి 8

చాలా కాలంగా వాయిదా వేస్తూ వచ్చిన పని ఈరోజు మొదలుపెట్టాను. ఎఫెసస్ పట్టణం రోమన్ల కింద ఉన్నప్పుడు కొట్టించిన కంచు నాణేల్లో ఒక చిన్న భాగాన్ని తీసుకుని, ఏ నాణెం ఏ అచ్చు నుంచి వచ్చిందో పట్టిక వేయాలి. కాలం రోమన్ చక్రవర్తులు సెప్టిమియస్ సెవెరస్ నుంచి సెవెరస్ అలెగ్జాండర్ దాకా, అంటే 193 నుంచి 235 వరకు. అందులోనూ "నియోకోరోస్" అన్న బిరుదు ఉన్నవి మాత్రమే.

ఎఫెసస్ ఇప్పటి టర్కీలో, ఇజ్మిర్‌కి దక్షిణంగా, సెల్చుక్ అనే ఊరి పక్కన ఉంది. తెలుగు బైబిల్లో ఎఫెసు అని వచ్చేది ఈ ఊరే. పాత గ్రీకు పట్టణం. పెర్గమోన్ రాజు మూడో అట్టలస్ క్రీ.పూ. 133లో చనిపోతూ తన రాజ్యాన్ని రోమ్‌కి రాసిచ్చేశాడు. దాంతో ఈ ఊరు రోమన్ల "ఆసియా" ప్రావిన్స్‌లో చేరిపోయింది. బంగారం, వెండి నాణేలు రోమ్ చేతిలోనే ఉండేవి. సంతలో కూరగాయలు కొనడానికి, స్నానశాలలో డబ్బులివ్వడానికి కావలసిన చిల్లర మాత్రం ఊళ్ళే కొట్టుకునేవి. బొమ్మ వైపు చక్రవర్తి తల, బొరుసు వైపు ఆ ఊరు తన గురించి ఏం చెప్పుకోవాలనుకుంటే అది. భాష గ్రీకు. "ఎఫెసియోన్" అని రాసి ఉంటుంది, ఎఫెసస్ వాళ్ళది అని అర్థం.

నాకు ఈ నాణేల మీద ఇంత ఇష్టం అందుకే. పన్ను రోమ్‌కి కట్టాలి, తీర్పు గవర్నర్ చెప్పాలి, బొమ్మ వైపు రాజు తల ఉండి తీరాలి. బొరుసు వైపు ఆ బొటనవేలంత చోటు మాత్రం ఊరిది. ఆ చోటులో ఎఫెసస్ పదే పదే రాసుకున్నది ఒక లెక్క.

నియోకోరోస్ అంటే గుడి బాగోగులు చూసేవాడు, మన మాటలో ధర్మకర్త. చక్రవర్తికి గుడి కట్టి పూజలు జరిపించే అనుమతి రోమ్ నుంచి వస్తే, ఆ ఊరు మొత్తానికీ ఆ బిరుదు దక్కుతుంది. రెండో గుడికి అనుమతి వస్తే "రెండుసార్లు నియోకోరోస్". తర్వాత మూడు, నాలుగు. నాణేల మీద ఈ మాట మొదట కనిపించేది ఎఫెసస్‌లోనే, చక్రవర్తి నీరో కాలంలో, అవియోలా అనే గవర్నర్ ఉన్న 65–66 ప్రాంతంలో. హేడ్రియన్ కాలానికి రెండు అయ్యాయి. నేను తీసుకున్న నలభై ఏళ్ళలో ఈ లెక్క పెరిగింది, తగ్గింది కూడా. అందుకే ఈ ముక్కనే ఎంచుకున్నాను.

మార్చి 15

నేను ఉండేది మ్యూనిక్‌లో. చేతిలో ఉన్న నాణేలు కొన్నే. అన్నీ ఒకే లాట్‌లో ఇక్కడి వేలంలో కొన్నవి. బాగా అరిగిపోయినవి కాబట్టి చవగ్గా వచ్చాయి. కొనే ముందు నేను చూసుకున్నది ఒక్కటే, కాగితాలు. ఇవి 1960ల నాటి ఒక పాత జర్మన్ సేకరణలోవి, ఒక్కో నాణెంతో పాటు చేతిరాత చీటీ ఉంది. టర్కీలో తవ్వి దొంగచాటుగా బయటికి తెచ్చే నాణేలు మార్కెట్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఎక్కడ, ఏ పొరలో, దేనితో పాటు దొరికిందో తెలియకుండా పోయిన నాణెం సగం చచ్చినట్టే. 1970 యునెస్కో ఒప్పందానికి ముందు బయట ఉన్నట్టు ఆధారం లేనిది కొనను. ఈ సరదా ఉన్న ప్రతి ఒక్కరికీ ఇదే చెబుతాను.

మిగతా పనంతా మ్యూజియంల ఫొటోల మీదే. బెర్లిన్ నాణేల విభాగం, బ్రిటిష్ మ్యూజియం, పారిస్ జాతీయ గ్రంథాలయం, న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ తమ నాణేల్ని ఆన్‌లైన్‌లో పెట్టాయి. రోమన్ ప్రావిన్సుల నాణేలన్నిటినీ ఒకచోట చేర్చే ఆర్‌పీసీ కేటలాగు కూడా ఉచితంగా చూడొచ్చు. దాని మొదటి సంపుటం 1992లో వచ్చింది. అంతకు ముందు ఈ పని చేయాలంటే పది లైబ్రరీలు తిరగాల్సి వచ్చేది.

మార్చి 23

శుభ్రం చేయడం అయింది. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చి, మట్టి మెత్తబడ్డాక వెదురు పుల్లతో మెల్లగా తీశాను. లోహపు పనిముట్టు దేనికీ తగలనివ్వలేదు. నిమ్మరసం, చింతపండు ఇత్తడి బిందెలకి బాగానే పనికొస్తాయి, వీటి దగ్గరకి మాత్రం తీసుకురాకూడదు. పైన గట్టిపడిన ముదురు ఆకుపచ్చ చిలుములోనే అక్షరాల అంచులు నిలిచి ఉంటాయి. పులుపు తగిలితే ముందు పోయేది ఆ పొరే.

ఒక దాని అంచున లేత ఆకుపచ్చ పొడి కనిపించింది. అది మామూలు చిలుము కాదు. లోపల చిక్కుకున్న క్లోరైడ్‌కి గాలిలో తేమ తగిలి కంచును తినేస్తున్న గుర్తు. దాన్ని విడిగా, సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టాను. తేమ 40 శాతం లోపు ఉంటే అది ఆగుతుంది.

మార్చి 30

తూకం, కొలత, ఫొటో. తక్కెడ 0.01 గ్రాముల దాకా చూపిస్తుంది. వ్యాసానికి వెర్నియర్ కాలిపర్స్. తర్వాత అచ్చుల దిశ: బొమ్మ నిటారుగా ఉండేలా పట్టుకుని పక్కకి తిప్పితే బొరుసు తల ఎటు ఉందో చూసి, గడియారం అంకెలతో రాసుకోవాలి. ఇవన్నీ ఉంటేనే రేపు ఇంకొకరికి నా పట్టిక పనికొస్తుంది.

దాదాపు అన్నిటికీ రెండు వైపులా నడిమధ్యలో చిన్న గుంట ఉంది. చాలామంది దెబ్బ తగిలిందనుకుంటారు. అది నాణెం కొట్టక ముందు, పోత పోసిన బిళ్ళని చదును చేసేటప్పుడు పనిముట్టు మొన ఆనిన చోటు. ఈ కాలపు ప్రావిన్సు కంచు నాణేల్లో సర్వసాధారణం. ఒక నాణెంలో ఆ గుంట సరిగ్గా చక్రవర్తి చెవి పక్కన పడింది. మైక్రోస్కోపు కింద పెడితే గుంట అంచు చుట్టూ జుట్టు గీతలు వంగి వెళ్ళడం కనిపిస్తుంది. దెబ్బ పడినప్పుడు లోహం ఆ గుంటలోకి పూర్తిగా పారలేదన్నమాట. టంకశాలలో ఆ ఒక్క క్షణం ఏం జరిగిందో అలాగే ఉండిపోయింది. దాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఏప్రిల్ 12

అచ్చులు పోల్చడం మొదలైంది. ఇక్కడ పద్ధతి రాసి పెడతాను, ఎవరైనా చేయాలనుకుంటే ఉపయోగపడుతుంది.

బొమ్మ అచ్చు దాగలిలో బిగించి ఉంటుంది. బొరుసు అచ్చు చేత్తో పట్టుకుని, బిళ్ళ మీద ఆనించి, పైన సుత్తితో కొడతారు. సుత్తి దెబ్బ నేరుగా తగిలేది దానికే కాబట్టి అది త్వరగా పగులుతుంది. ఒక బొమ్మ అచ్చు పని చేస్తూ ఉండగానే రెండు మూడు బొరుసు అచ్చులు మారిపోతాయి. కాబట్టి రెండు వేర్వేరు బొరుసుల నాణేలకి బొమ్మ అచ్చు ఒకటే అని తేలితే, ఆ రెండూ ఒకే కాలంలో, ఒకే పనివాళ్ళ చేతుల్లో తయారైనట్టు. నాణేల మీద సంవత్సరం లేని ఎఫెసస్ లాంటి ఊరికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అరుదు.

ఈ లింకుల వల్లే ఒక పెద్ద సంగతి బయటపడింది. 1972లో అచ్చైన పుస్తకంలో కొన్రాడ్ క్రాఫ్ట్ అనే జర్మన్ పండితుడు ఆసియా మైనర్ (ఇప్పటి టర్కీ ప్రాంతం) నాణేల అచ్చులు పోల్చి చూపించాడు: వేర్వేరు ఊళ్ళ నాణేల మీద బొమ్మ అచ్చు ఒకటే ఉన్న సందర్భాలు చాలానే ఉన్నాయని. అంటే ప్రతి ఊరికీ సొంత టంకశాల ఉందని అనుకోనక్కర్లేదు. ఒకే వర్క్‌షాప్ నాలుగైదు ఊళ్ళకి పని చేసి ఉండొచ్చు, లేదా పనివాళ్ళే అచ్చులు పట్టుకుని ఊరూరా తిరిగి ఉండొచ్చు. ఏది నిజమన్న దాని మీద ఇంకా వాదన నడుస్తోంది. నాకు రెండూ జరిగాయనే అనిపిస్తుంది. పక్కపక్క ఊళ్ళ అవసరాలు ఒకేలా ఉండవు కదా.

మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో గ్రాఫిక్ డిజైన్ చేస్తాడు. ఫొటోలు ఒకదాని మీద ఒకటి పేర్చి పారదర్శకంగా చూడడం ఎలాగో వీడియో కాల్‌లో వాడే చూపించాడు. కాసేపు చూసి, "అన్నయ్యా, ముఖం చూడకు. అరిగిపోతే అన్ని ముక్కులూ ఒకేలా ఉంటాయి. అక్షరాల మధ్య ఖాళీలు చూడు" అన్నాడు. పుస్తకాల్లో చెప్పే పద్ధతీ అదే. ఆకుల కిరీటం మొన ఏ అక్షరం వైపు చూస్తోంది, మెడ వెనక రిబ్బన్ కొస ఏ అక్షరాన్ని తాకుతోంది, మొదటి అక్షరం భుజానికి ఎంత ఎత్తులో ఉంది. ఈ మూడూ కలిస్తే అప్పుడు ముఖం చూడాలి. అచ్చు చెక్కేవాడు ముఖాన్ని మళ్ళీ అచ్చం అలాగే చెక్కగలడు, అక్షరాల దూరాలు మాత్రం రెండోసారి అచ్చం అలాగే పడవు.

ఏప్రిల్ 27

ఇప్పుడు అసలు చిక్కు. ముగ్గురు చక్రవర్తులకి ఒకటే పేరు.

మార్కస్ ఔరేలియస్, కారకల్లా, ఎలగబాలస్. ముగ్గురి అధికారిక పేరూ మార్కస్ ఔరేలియస్ అంతోనినస్సే. కారకల్లా, ఎలగబాలస్ అన్నవి మనం వాడే పేర్లు, నాణెం మీద ఉండవు. గ్రీకులో చుట్టూ "ఔట్ కై మా ఔర్ అంతోనినోస్" అని ఉంటుంది, అంతే. నాణెం కొత్తగా ఉంటే ముఖం చూసి చెప్పేయొచ్చు. మార్కస్‌కి ఒత్తైన పొడవాటి గడ్డం. కారకల్లాకి చిన్నప్పుడు నున్నటి ముఖం, పెద్దయ్యాక దగ్గరగా కత్తిరించిన గడ్డం, ముడిపడిన నొసలు. ఎలగబాలస్ పద్నాలుగేళ్ళకే గద్దెనెక్కిన పిల్లాడు. కానీ నాణెం అరిగితే గడ్డం ముందు పోతుంది, ఎందుకంటే బుగ్గే అన్నిటికంటే ఎత్తుగా ఉంటుంది.

అప్పుడు బొరుసు మీదున్న అంకే దిక్కు. ఎఫెసస్ లెక్క ఇలా నడిచింది. మార్కస్ కాలంలో రెండుసార్లు నియోకోరోస్. 211లో సెప్టిమియస్ సెవెరస్ చనిపోయి, కొడుకులు కారకల్లా, గెటా కలిసి ఏలుతున్నప్పుడు నాణేల మీద కొత్త మాట వచ్చింది: "మూడుసార్లు నియోకోరోస్, అర్తెమిస్‌కు కూడా." అర్తెమిస్ ఆ ఊరి దేవత. ఆ డిసెంబరులోనే కారకల్లా తమ్ముణ్ణి చంపించాడు, గెటా పేరు ఎక్కడ కనిపించినా చెరిపేయమన్నారు. కారియా ప్రాంతంలోని స్ట్రాటోనికేయాలో అయితే ఇద్దరన్నదమ్ముల బొమ్మలున్న నాణేల మీద గెటా ముఖాన్నే ఉలితో చెక్కేశారు. ఎఫెసస్‌కి ఇంకో ఇబ్బంది, ఆ లెక్కలో గెటా గుడి కూడా ఉంది. చచ్చిపోయి శత్రువైన వాడికి గుడి ఎలా ఉంచుకోవడం? కారకల్లా ఊరికి రాసిన ఉత్తరం శాసనంగా దొరికింది. ఆ గౌరవాన్ని అర్తెమిస్ దేవికే చెందేలా చేశాడు. ఆ తర్వాత లెక్క మూడు, అందులో ఒకటి అర్తెమిస్‌ది. మిగతా ఊళ్ళు చక్రవర్తుల పేరు చెప్పి సంపాదించుకునే బిరుదులో ఎఫెసస్ తన సొంత దేవతని కూర్చోబెట్టగలిగింది. ఈ కథలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఇదే.

ఎలగబాలస్ (218–222) కాలంలో నాలుగు. ఆ నాణేల మీద ఊరి ఉత్సాహం చూడాలి, కొన్నిటి మీద "అందరిలో నాలుగుసార్లు నియోకోరోస్ అయింది ఎఫెసస్ వాళ్ళొక్కరే" అని చుట్టూ నింపేశారు. 222 మార్చిలో అతన్ని చంపేశారు. సెవెరస్ అలెగ్జాండర్ నాణేల మీద లెక్క మళ్ళీ మూడుకి దిగిపోయింది. తర్వాతి చక్రవర్తులు వలేరియన్, గల్లియెనస్ నాటికి నాలుగు మళ్ళీ కనిపిస్తుంది.

దీన్ని ఉత్త గొప్పలుగా కొట్టిపారేసేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. పక్కనే స్మిర్నా తనని "అందంలో, పరిమాణంలో ఆసియాలో మొదటిది" అని రాసుకునేది. పెర్గమోన్ కూడా మొదటి స్థానం తనదే అనేది. ఎఫెసస్ "ఆసియాలో మొదటివాళ్ళం" అనేది. బిరుదు సరిగ్గా రాయలేదని గొడవ పడితే చక్రవర్తి అంతోనినస్ పయస్ స్వయంగా ఉత్తరం రాసి సర్దిచెప్పాల్సి వచ్చింది. ఉత్సవంలో ఎవరు ముందు నడవాలి, గవర్నర్ ఓడ దిగేది ఎక్కడ, కోర్టు ఏ ఊళ్ళో కూర్చోవాలి అన్న వాటితో ఈ ప్రతిష్ఠ ముడిపడి ఉండేది. కోర్టు కూర్చున్న ఊరికి జనం వస్తారు, వ్యాపారం నడుస్తుంది. సైన్యం, పన్ను, పై తీర్పు అన్నీ చేజారిన ఊరికి మిగిలిన రాజకీయం ఇదే. దాన్ని వాళ్ళు ప్రాణం పెట్టి నడిపారు.

మే 4

గుడి ఉన్న నాణేల ఫొటోలు పక్కన పెట్టాను, అవి వేరే పని. అయినా ఒక్క మాట. ఏడు వింతల్లో ఒకటైన అర్తెమిస్ ఆలయం నాణేల మీద ఒకచోట నాలుగు స్తంభాలతో, ఒకచోట ఆరుతో, ఇంకోచోట ఎనిమిదితో ఉంటుంది. నిజంగా ముందు వరుసలో ఉన్నవి ఎనిమిది. అచ్చు చెక్కేవాడు మధ్యలో దేవిని నిలబెట్టడానికి స్తంభాలు తీసేశాడు. పైన త్రికోణంలో మాత్రం కిటికీల్లాంటి ఖాళీలు వదలకుండా చెక్కాడు. ఆ ఆలయం ముందుభాగాన్ని ఊహించి గీసేవాళ్ళకి ఇప్పటికీ పెద్ద ఆధారం ఈ చిన్న నాణేలే. సెల్చుక్‌లో ఆ చోట ఇప్పుడు నిలబడి ఉన్నది ముక్కలు పేర్చి లేపిన ఒక్క స్తంభం, చుట్టూ నీళ్ళు నిలిచే మడుగు.

మే 18

నా లాట్‌లోని ఒక నాణెం దగ్గర పని ఆగిపోయింది. వ్యాసం 24 మిల్లీమీటర్లు, బరువు 7.9 గ్రాములు. బొరుసు మీద ఎఫెసస్ అర్తెమిస్ విగ్రహం నిటారుగా, రెండు చేతుల కిందా ఆసరా కడ్డీలు, చెరో పక్క ఒక లేడి. బొమ్మ వైపు పేరు "...అంతోనినోస్". ముఖం అరిగిపోయింది. బొరుసు మీద "ఎఫెసియోన్", ఆ తర్వాత ఒక అంకె, ఆ తర్వాత "నియోకోరోన్". ఆ అంకె గామా అయితే మూడు, డెల్టా అయితే నాలుగు. గామా అయితే కారకల్లా, డెల్టా అయితే ఎలగబాలస్.

గామా అంటే ఒక నిలువు గీత, దాని పైనుంచి కుడికి ఒక అడ్డగీత. డెల్టా అంటే త్రిభుజం. మామూలు వెలుతురులో నాకు కనిపించింది ఒక గీత, పక్కన మసక. పాత చీటీ మీద సేకరణకర్త "కారకల్లా" అని పెన్సిల్‌తో రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. ఆ ప్రశ్నార్థకం పెట్టినందుకు ఆయన మీద గౌరవం కలిగింది.

గది చీకటి చేసి, చిన్న ఎల్‌ఈడీ లైటుని నాణెం అంచుకి దాదాపు సమానంగా పడుకోబెట్టి, చుట్టూ తిప్పుతూ ఒక్కో కోణంలో ఒక్కో ఫొటో తీశాను. పైనుంచి వెలుగు పడితే నీడ ఉండదు, నీడ లేకపోతే అరిగిన అక్షరం కనపడదు. కింద ఎడమవైపు నుంచి వెలుగు వచ్చినప్పుడు రెండు సంగతులు తేలాయి. ఒకటి, ఆ గీత నిటారుగా లేదు, కుడికి వాలి ఉంది. రెండు, దాని పాదం దగ్గర్నుంచి కుడికి వెంట్రుకంత సన్నటి నీడ వెళ్తోంది. గామాకి కింద గీత ఉండదు.

డెల్టా అనే అనిపించింది. అనిపించడం చాలదు. పైగా చిలుము పొర అంచు కూడా కొన్నిసార్లు గీతలాగే నీడ పడుతుంది.

మే 25

బొమ్మ అచ్చు దొరికింది!

ఒక మ్యూజియం ఫొటోలో ఇంకో ఎఫెసస్ నాణెం ఉంది. బొరుసు వేరు, బొమ్మ వైపు మాత్రం బాగా నిలిచి ఉంది. నా దాంట్లో కిరీటం పై ఆకు మొన "అంతోనినోస్"లోని మొదటి నూ అక్షరానికీ తౌకీ మధ్య ఖాళీలోకి చూస్తుంది, అందులోనూ అంతే. రిబ్బన్ కొస రెండుగా చీలి, కింది పాయ ఔర్‌లోని రో అక్షరం తోకని తాకుతుంది, అందులోనూ అంతే. రెండిటిలోనూ గడ్డం కింద అచ్చు పగిలిన సన్నటి చార, మెడ మొదలు నుంచి అంచు వైపు ఉంది. మ్యూజియం దాంట్లో పొట్టిగా, నా దాంట్లో కాస్త పొడవుగా. అంటే నాది తర్వాత కొట్టింది. ఫొటోలు ఒకదాని మీద ఒకటి పేర్చితే అక్షరాలు కుదురుగా కూర్చున్నాయి.

ఆ మ్యూజియం నాణెం బొరుసు మీద అంకె లేదు, "తెత్రాకి" అని పూర్తి అక్షరాల్లో ఉంది: నాలుగుసార్లు. ముఖం కూడా స్పష్టంగా పిల్లాడిదే. నా నాణెం ఎలగబాలస్‌ది, 218–222. చీటీని అలాగే ఉంచి, దాని వెనక నా చీటీ పెట్టాను.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. అరిగిన కంచు నాణేల్ని "మెరుగు" చేసి అమ్మేవాళ్ళున్నారు. సన్నటి పనిముట్లతో అక్షరాల చుట్టూ గీకి, ఖాళీ జాగా నున్నగా చేసి, కనిపించని అక్షరాన్ని మళ్ళీ చెక్కేస్తారు. నా నాణెం అలాంటి చేతిలో పడి ఉంటే ఆ డెల్టా గామా అయిపోయేది, లేదా అసలు లేని అంకె ఒకటి పుట్టేది. నియోకోరోస్ లెక్క మీద వాదనలు ఒక్క అక్షరం మీద నడుస్తాయి. ఆ ఒక్క అక్షరం ఎవరి ఉలిదో తెలియకపోతే చరిత్ర మొత్తం తప్పుతుంది. నాణెం అందంగా లేకపోతే పోనివ్వండి, దయచేసి దాన్ని చెక్కొద్దు.

జూన్ 7

మా ఊరి స్నేహితుడొకడు అడిగాడు, ఇలాంటివి మన దగ్గర దొరకవా అని. రోమన్ నాణేలు మన నేలలో బాగానే దొరికాయి. నల్గొండ జిల్లా అక్కెనపల్లి నిధిలో అగస్టస్, టైబీరియస్‌ల వెండి దేనారియస్‌లు ఉన్నాయి. ఓడల్లో ఇంత దూరం వచ్చినవి ముఖ్యంగా బంగారం, వెండి, ఎందుకంటే వాటికి తూకం మీద ఎక్కడైనా విలువ ఉంటుంది. ఎఫెసస్ కంచు చిల్లర ఎఫెసస్ చుట్టుపక్కలే తిరిగింది. అది వాళ్ళలో వాళ్ళు చదువుకోవడానికి రాసుకున్నది, పక్కూరి స్మిర్నా వాడి చేతిలో పడితే మరీ మంచిది.

జూన్ 15

పట్టిక ఎంతవరకు నిండిందో అంచనా వేయడానికి ఒక సులువైన లెక్క ఉంది. ఒక్క నాణెంలోనే కనిపించిన అచ్చుల సంఖ్యని మొత్తం నాణేల సంఖ్యతో భాగించి, ఒకటిలోంచి తీసేయాలి. ఉదాహరణకి 60 నాణేలు చూస్తే అందులో 12 అచ్చులు ఒక్కొక్కసారే కనిపించాయనుకుందాం. 12ని 60తో భాగిస్తే 0.2, ఒకటిలోంచి తీస్తే 0.8. అంటే అప్పట్లో కొట్టిన నాణేల్లో సుమారు 80 శాతం మనకి తెలిసిన అచ్చుల నుంచే వచ్చాయని. నా పట్టికలో ఎలగబాలస్ బొమ్మ అచ్చులు ఇప్పుడు బాగానే దగ్గరపడ్డాయి. కొత్త ఫొటో వస్తే ఎక్కువసార్లు పాత అచ్చే తగులుతోంది. బొరుసు అచ్చులు మాత్రం ఇంకా కొత్తవి వస్తూనే ఉన్నాయి, అవి త్వరగా పగిలేవి కాబట్టి అది సహజమే.

ఈ లెక్క నిలబడాలంటే అరిగిన నాణేలు కూడా చేరాలి. మ్యూజియంలూ, పెద్ద వేలాలూ అందమైనవే ఫొటో తీసి పెడతాయి. అలా ఏరిన వాటితో లెక్క వేస్తే అంచనా ఒక పక్కకి ఒరిగిపోతుంది. డ్రాయర్ అడుగున పడి ఉన్న, ఎవరూ కొనని నాణెమే కొన్నిసార్లు రెండు గుంపుల్ని కలిపే లింకు అవుతుంది.

వచ్చే నెల సెవెరస్ అలెగ్జాండర్ గుంపు. లెక్క నాలుగు నుంచి మూడుకి దిగింది అక్కడే. చూడాల్సింది బొరుసు అచ్చులు. ఎలగబాలస్ నాటి పాత బొరుసు అచ్చు మీద నాలుగుని చెరిపి మూడు చెక్కి మళ్ళీ వాడారా, లేక అన్నీ కొత్తగా చేయించారా? చెరిపి ఉంటే ఆ అంకె చుట్టూ లోహం కాస్త ఉబ్బి కనిపించాలి. మీలో ఎవరి దగ్గరైనా ఈ కాలపు ఎఫెసస్ నాణెం ఉంటే, ఎంత అరిగినా సరే, రెండు వైపులా పక్క వెలుతురులో తీసిన ఫొటో, బరువు, వ్యాసం, అచ్చుల దిశ పంపండి. శుభ్రం చేయకుండానే.